అలిగిన అల్లుడి పాట

మొన్న మా చెల్లెలి మనవరాలు ఏదో డాన్సు పోటీకి తయారవుతూ, ముఖానికి పూసుకునే మెరుపు పొడిని నా బుగ్గకు కూడా రాసింది. తుడుచుకోబోయి వేళ్ళ మధ్య నలిపి చూశాను. జారుడుగా ఉంది. వాసన లేదు. నాలుక మీద పెట్టుకుంటే సన్నటి గరుకు, పళ్ళ కింద కరకర. "తాతా, అది తినేది కాదు!" అని అరిచింది పిల్ల. తినేది కాదని నాకు తెలియదా? వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్ళ పాటు అన్నంలో కలుపుకొని తిన్నది అదే. అభ్రకం.

ఇప్పుడు నా గురించి నేనే ఒక మాట చెప్పుకోవాలి, వేరే ఎవరూ చెప్పడం లేదు కాబట్టి. గూడూరుకు పడమట అభ్రకం గనుల్లో కూలీలు పాడిన పాటలకు లోపలి అర్థం చెప్పగలిగిన వాడు ఈ జిల్లాలో నేనొక్కడినే మిగిలాను. అరవైల మొదట్లో ఒక గని విచారణలో పైనుంచి వచ్చిన అధికారి ఎదుట నిలబడి, అందరూ బూతుపాట అనుకుంటున్న దాన్ని గొంతెత్తి పాడి, చరణం చరణం విప్పి చెప్పి, చచ్చిపోయిన ఒక మనిషి మీద పడబోయిన తాగుబోతు అనే మచ్చను తుడిచేసిన వాణ్ణి. నేను ముగించేసరికి ఆ అధికారి కలం కింద పెట్టి, లేచి నిలబడి, నాకు నమస్కారం చేశాడు. ఈ కథను వెంకటాచలం నుంచి తడ దాకా బస్సుల్లో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి కూడా చెప్పబోయాను. చెప్పిన ప్రతిసారీ ఆ నమస్కారం ఇంకాస్త కిందికి వంగుతూ వచ్చింది. అచ్చులో పడే చోట కొంత వెనక్కి తీసుకోక తప్పదు. తీసుకుంటాను. అంతకు ముందు దానమ్మ గారి గురించి చెప్పాలి. ఆమె తగలకపోతే పాట అంటే నాకు నోటితో చేసే చప్పుడుగానే ఉండిపోయేది.

నేను వెంకటాచలం దగ్గర వరి పండించే ఇంటి వాణ్ణి. మా నాయన నేను పొలానికి పనికిరానని తేల్చుకొని చదివించాడు, చదువుకు పనికిరానని తేల్చుకొని గనిలో తూకం గుమాస్తాగా చేర్పించాడు. ఆ గని దగ్గర ఒక రేకుల వైద్యశాల ఉండేది. రెండు మంచాలు, ఒక బల్ల, గోడకు ఒక సిలువ. డాక్టరు గారు వారానికొకసారి గూడూరు నుంచి వచ్చి, సంతకం పెట్టి, నిమ్మకాయ సోడా తాగి పోయేవాడు. మిగతా రోజుల్లో నర్సు దానమ్మ గారే డాక్టరు. కృష్ణపట్నం వైపు ఉప్పు పండించే పల్లె ఆమెది. నెల్లూరులో ఒక మిషను ఆసుపత్రిలో పని నేర్చుకున్నది. నలభై దాటిన మనిషి, పొట్టి, మెడ ఉన్నదా లేదా అనిపించే భుజాలు, తెల్ల చీర, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు. పెళ్ళి చేసుకోలేదు. నోరు మంచిది కాదు. ఆదివారం పాకలో ప్రార్థన జరిపి వాక్యం చెప్పేది కూడా ఆమే. అక్కడా తిట్లే. కూలీలు జబ్బుకు కన్నా ఆమెకు ఎక్కువ భయపడేవారు. ఆమె దగ్గరికి పోవాల్సి వస్తుందని కాళ్ళు జాగ్రత్తగా వేసేవాళ్ళను నేను చూశాను.

చేరిన కొత్తలో అభ్రకం పలక అంచు తగిలి నా బొటనవేలు తెగింది. చూడటానికి గాజు కాగితంలా ఉంటుంది గానీ బ్లేడు కన్నా పదును. కట్టు కట్టించుకుంటూ, షెడ్డులో ఆడవాళ్ళు పొరలు చీలుస్తూ పాడుకునే పాటనే కూనిరాగం తీస్తున్నాను:

దీపమెందుకే వదినా, దీపమెందుకే
మా ఆయనొస్తాడే మెరుస్తా మెరుస్తా
చమురెందుకే వదినా, వత్తెందుకే
మా ఇంట పున్నమే మాపటేళంతా

దానమ్మ గారు టింక్చరు సీసాకు బిరడా పెడుతూ అడిగింది. "బాగుండాదా పాట?"

"బాగుందమ్మా. మొగుడంటే ఎంత ప్రేమో."

"ఏం అర్థమైంది నీకు?"

"మొగుడు పనిలోంచి మెరుస్తూ వస్తాడు, ఇంట్లో దీపం కూడా అక్కర్లేదు, అంత అందగాడని."

"రా" అని నా మోచెయ్యి పట్టుకొని లోపలి మంచం దగ్గరికి లాక్కుపోయింది. మంచం మీద సమ్మెట కొట్టే ముసలాయన ఒకాయన కూర్చొని దగ్గుతున్నాడు. ముసలాయన అని నేననుకున్నాను, ముప్ఫై అయిదు కూడా లేవట. అతని చేతిలోని చిప్పను తీసుకొని కిటికీ వెలుతురులో పట్టింది. కళ్ళెలో ఎరుపు మధ్య సన్నగా ఏదో మెరిసింది. మెరిసిందనే ఇప్పటికీ చెబుతున్నాను.

"ఒంటి మీది మెరుపు చెంబుడు నీళ్ళకు పోతాది. ఇది యాడికి పోతాది?" అంది. బయట షెడ్డులో పాట సాగుతూనే ఉంది. "ఇనపడతా ఉండాదా, ఎత్తుకునే గొంతు? ఈయన పెండ్లానిదే. చమురెందుకే అంటా ఉండాది. చమురుంటే గదా. అది ఒకటి. దీపం వద్దు దీపం వద్దని అన్నిసార్లు ఎందుకంటాది? తలకాడ దీపం ఎప్పుడు పెడతారు అబ్బయ్యా?"

మంచం మీది మనిషి, తన గురించే అంటున్నారని తెలిసినా, బాగానే చెప్పింది అన్నట్టు తలాడించి మళ్ళీ దగ్గాడు.

"కడుపునొప్పని ఎవురన్నా వస్తే నేనేం జేస్తా? నొక్కతా. యాడ నొక్కితే నవ్వి 'ఏం లేదులే నర్సమ్మా' అంటారో ఆడుండాది జబ్బు. పాటని గూడా అట్టా నొక్కి చూడు. నవ్వు వచ్చేకాడ నొక్కు."

ఆ రోజు నుంచి నేను కనిపించిన పాటనల్లా నొక్కడం మొదలుపెట్టాను. కొత్తగా కత్తి కొన్నవాడికి ఏది చూసినా కోయాలనిపిస్తుంది. నెల తిరక్కుండానే అభ్రకం చీల్చే ఆడవాళ్ళు పాడే ప్రతి పాటలోనూ నాకు ఒక శవం కనపడసాగింది. వాళ్ళల్లో చెంగమ్మ అని ఒకామె ఉండేది, నా వయసుదే. గనిలో రాతికి మందు దట్టించే పెంచలయ్య భార్య. ఆమె ఒక పాట పాడేది. గంప కింద పెట్టిన కోడిని తెల్లారేసరికి ఎవరో ఎత్తుకుపోయారు, ఈకలు మాత్రం వాకిట్లో ఉన్నాయి, గంప మీద చెయ్యేసి ఏడుస్తున్నాను అని. నేను షెడ్డు మధ్య నిలబడి, చేతులు కదుపుతూ, కోడి అంటే ప్రాణమని, గంప అంటే గని అని, ఈకలంటే కూలీ వదిలిపోయిన బట్టలని వివరించాను. ఆడవాళ్ళు పొరలు చీల్చే కొడవళ్ళు పక్కన పెట్టి విన్నారు. వింటుంటే నాకు చాలా గొప్పగా అనిపించింది.

అంతా అయ్యాక చెంగమ్మ అంది, "కోడంటే కోడే సామీ. మా ఆడబిడ్డ దొంగిలించింది. ఆ ముండ ఇనాలనే పాడతా."

షెడ్డు షెడ్డంతా పొర్లి పొర్లి నవ్వింది. ఈ సంగతి నా కన్నా ముందే వైద్యశాలకు చేరింది. దానమ్మ గారు నవ్వి, కళ్ళు తుడుచుకొని, మళ్ళీ నవ్వి, "కడుపునొప్పులన్నీ చావుకే రావు నాయనా. కొన్ని పిండివంటలు ఎక్కువై గూడా వస్తాయి" అంది. తర్వాత చాలా రోజులు కూలీలు నన్ను చూస్తే "సామీ, కోడి పొయ్యింది" అనేవాళ్ళు.

అప్పుడే ఆమె నన్ను తన ఊరికి తీసుకుపోయింది, పాట ఎట్లా వినాలో నేర్పుతానని కాదు, ఉప్పు బస్తా మొయ్యడానికి ఒక మనిషి కావాలని. గూడూరు నుంచి బస్సు, అక్కడ నుంచి నడక, ఆ తర్వాత కాలవ పడవ. సముద్రం కనపడదు గానీ గాలి తెలుస్తుంది. ఉప్పు మళ్ళు తెల్లగా, కళ్ళు నొప్పి పుట్టేంత తెల్లగా పరుచుకొని ఉన్నాయి. మళ్ళ మధ్య వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ, చూపు పోయిన మనిషి, వాకిట్లో తమ్ముడి బిడ్డను కాళ్ళ మీద వేసుకొని పాడుతోంది. "నా తండ్రి కాళ్ళకు వెండి గజ్జెలు, రాజు బిడ్డకు లేని గజ్జెలు, నడిస్తే రాలేను ముత్యాలు, ఏరుకో ఏరుకో నాయనా" అని. ఎంత ముద్దుగా ఉందో పాట. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. కోడి పోయిన దగ్గర నుంచి కొంత బుద్ధి వచ్చింది.

దానమ్మ గారే అంది, "ఈ పాట ఇనే నేను గూడా పండుకునేదాన్ని. పాటలో తండ్రంటే మా నాయనే అనుకొని, గొప్పగా చెప్తా ఉండాదని మురిసిపొయ్యేదాన్ని. ఆసుపత్రిలో చేరిన మొదటి నెల, ఒక ఉప్పుకూలీ కాళ్ళు కడగమన్నారు. చీలమండల చుట్టూ పుండ్లు. పుండ్ల మీద ఉప్పు గడ్డ కట్టి ఉండాది, తెల్లగా, గుండ్రంగా, గజ్జెల మాదిరి. కడగతా ఉంటే రాలినాయి. అప్పుడు తెలిసింది అబ్బయ్యా, మా అమ్మ ఏం పాడిందో." బస్తా మూతి బిగించి, "ఇంటికి వచ్చి అడిగినా. అమ్మా, ఆ పాటకు అర్థం ఇదా అని. చెంప మీద కొట్టింది" అంది.

"ఎందుకు?"

"అర్థం చెప్తే పాడలేం గదా" అని బస్తా నా భుజం మీదికి ఎత్తింది.

ఇక అల్లుడి పాట. మా గనిలో మగవాళ్ళు పొద్దున రాతికి బెజ్జాలు వేసి, మధ్యాహ్నం వాటిలో మందు దట్టించి, వత్తి ముట్టించి, పైకి ఎక్కి గట్టున నిలబడేవారు. ఒక్కో బెజ్జం పేలినప్పుడల్లా పెంచలయ్య ఒక చరణం ఎత్తుకునేవాడు. అయిదుగురు అల్లుళ్ళు విందుకు వచ్చారని మొదలు. ఒక్క పేలుడుకు ఒక్క అల్లుడు లేచి పోతాడు. ఒకడు పీట తన్ని పోతాడు, ఒకడు చెయ్యి కడక్కుండా పోతాడు, ఒకడు మరదలి జడ పట్టుకొని లాగిపోతాడు. ఇక్కడ పాట కొంచెం ఘాటుగా ఉండేది. అందుకే దాన్ని దొరలు బూతుపాట అనేవారు. అందరూ లేచిపోతే "ఆకులెత్తవే అత్తా, అందరూ పొయ్యిరి" అని ముగించేవారు. అప్పుడు కూలీలు గడ్డపారలు తీసుకొని రాయి ఎత్తడానికి దిగేవారు. ఒకటి పేలకుండా మిగిలిపోతే పాట ఇంకో దారి పట్టేది:

చిన్నల్లుడలిగినాడే, చీకటింట కూసున్నాడే
పిలవబాకే అత్తా, పలకరించబాకే
తెల్లారి లేచినాక తానే వస్తాడే

"పలకరించబాకే" అనే మాట దగ్గర గట్టు మీది మగవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ గొంతుక్కూర్చునేవారు. ఆ రోజుకు లోపలికి ఎవరూ దిగరు. మేస్త్రీ అయినా సరే, యజమాని అయినా సరే, తెల్లారేదాకా ఆగాల్సిందే. అలిగిన కొత్త అల్లుణ్ణి ఎవరు కదిలించినా ఇల్లు పీకి పందిరి వేస్తాడు కదా. ఈ కూర్చోవడం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పాట నేర్చుకునేటప్పుడే మోకాళ్ళు కూడా నేర్చుకునేవి. ఇందులో దానమ్మ గారు నాకు విప్పి చెప్పింది తక్కువ. "దీన్ని నొక్కే పన్లేదు. ఇది కూలీలు ఒకరికొకరు చెప్పుకునే మాట. పాటేసి కప్పినారంతే, పై వాళ్ళకు పొగరుగా ఇనపడకుండా" అంది.

ఆ మధ్యాహ్నం నేను తూకం షెడ్డులో ఉన్నాను, గని నుంచి చాలా దూరం. రోజూ వినే పేలుళ్ళే విన్నాను, లెక్క పెట్టలేదు. కొంతసేపయ్యాక ఇంకొకటి వినిపించింది. అది ఒంటరిగా, లోతు నుంచి వచ్చింది. ఆడవాళ్ళ పాట మధ్యలో తెగింది. చెంగమ్మ కొడవలి ఒళ్ళో పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది. దానమ్మ గారు ఆ మగ చెప్పులతో పరుగెత్తడం చూశాను. అంత లావు మనిషి అంత వేగంగా పోగలదని అనుకోలేదు.

పెంచలయ్యను పైకి తెచ్చి గోనెపట్టా మీద పడుకోబెట్టారు. ఎక్కడెక్కడ ఏం లేదో నేను రాయను. దానమ్మ గారు మిగిలిన ఒంటికి గుడ్డ కప్పింది. ముఖానికి ఏమీ కాలేదు. ఎండ పడి ముఖం, జుట్టు, కనురెప్పలు అన్నీ మెరుస్తున్నాయి. చెంగమ్మ ఏడవలేదు. కొంగుతో ఆ మెరుపు తుడుస్తూ కూర్చుంది. తుడిచిన కొద్దీ ఇంకొంచెం మెరిసేవాడు. ఎవరో చెయ్యి పట్టుకొని ఆపబోతే, "ఇంటికి ఇట్టా తీసకపోనా?" అంది.

మూడో రోజుకల్లా ఒక మాట పుట్టింది. పెంచలయ్య తాగి ఉన్నాడు, తాగి దిగి, సగం కాలిన మందు మీద గడ్డపార వేశాడు, అని. అన్నవాడు కోటయ్య మేస్త్రీ. అతను కూడా కూలీగా చేరి, సమ్మెట కొట్టి, మెల్లగా మేస్త్రీ అయినవాడే. ఆ రోజు వాళ్ళను దిగమన్నది అతనే. యజమానులకు ఆ మాట సౌకర్యంగా ఉంది. విచారణకు అధికారి వస్తున్నాడనగా చెంగమ్మ వైద్యశాలకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. నేల మీద కూర్చొని అంది, "నర్సమ్మా, నాకేం ఇస్తారో ఇయ్యరో, దేవుడెరుగు. తాగి చచ్చినాడని మాత్రం కాగితంలో రాయనీబాక. నాకిద్దరు మగబిడ్డలు. ఈ గనిలోనే పని అడుక్కోవాల. తాగుబోతు కొడుకులంటారు. దానికి తోడు, ఆయన తాగడు. నీకు తెలుసు."

"తెలుసు" అంది దానమ్మ గారు. "నేను మాట్లాడతా." తర్వాత నన్ను బయటికి పొమ్మంది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం ఆమె కూలీల గుడిసెల వైపు పోవడం కూడా చూశాను.

విచారణ గని ఆఫీసు వరండాలో జరిగింది. అధికారికి తెలుగు అంతంత మాత్రం. అందుకని మాట మాటకూ ఇంగ్లీషు చెప్పడానికి నన్ను పక్కన నిలబెట్టారు. ఇదిగో, నేను వెనక్కి తీసుకుంటానన్న భాగం ఇదే. పాడింది నేను కాదు. నేను పాడితే కాకులు కూడా లేచిపోతాయి. అర్థం విప్పింది కూడా నేను కాదు. నేను చేసిందల్లా ఆమె చెప్పింది ఇంగ్లీషులోకి దించడం, అదీ అరకొరగా. అలక అనే మాటకు నాకు ఇంగ్లీషు దొరకలేదు. 'యాంగ్రీ' అన్నాను. "ఎందుకు కోపం?" అని అడిగాడు అధికారి. కొత్త అల్లుడు కాబట్టి, అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి ఏమీ రాసుకోలేదు. కలం కింద పెట్టిన మాట నిజం. సిరా అయిపోయింది. నమస్కారం లేదు.

కూలీలు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ఒక బెజ్జం పేలలేదు, అలిగిన అల్లుడి చరణం పాడాం, కూర్చున్నాం, అయినా మేస్త్రీ లేపి పంపాడు. కోటయ్యను అడిగారు.

"వాళ్ళు రోజూ ఏదో ఒకటి పాడతానే ఉంటారు సార్" అన్నాడు. "అల్లుడు, మరదలు, బూతుకూతలు. దాంట్లో నాకేం తెలస్తాది? రెండు బెజ్జాలు ఒక్కటే దెబ్బగా పేలినాయి, దిగమన్నా. ఒళ్ళు తెలిసినోడైతే చూసుకొని గడ్డపార వేస్తాడు. వాడు తాగి ఉండాడు."

"పాటకు అర్థం నీకు తెలియదా?"

"తెలవదు సార్."

అప్పుడు దానమ్మ గారు లేచింది. సాక్షుల్లో ఆమె పేరు లేదు. లేచి, తెల్ల చీర కొంగు నడుముకు దోపి, ఆదివారం కీర్తన ఎత్తుకున్నట్టుగా, అయిదుగురల్లుళ్ళు విందుకొచ్చిరే అని మొదలుపెట్టింది. జడ పట్టుకొని లాగిన చరణం కూడా వదల్లేదు. ఆఫీసులో వాళ్ళు తలలు దించుకున్నారు. నలుగురు అల్లుళ్ళు లేచిపోయారు. చిన్నల్లుడు అలిగాడు. "పిలవబాకే అత్తా, పలకరించబాకే..." వరండా కింద నిలబడిన మగవాళ్ళందరూ ఒక్కసారిగా గొంతుక్కూర్చున్నారు. వాళ్ళతో పాటు, గోడ దగ్గర నిలబడిన కోటయ్య మోకాళ్ళు కూడా వంగాయి. సగం కూర్చుని, గోడ పట్టుకొని ఆగిపోయాడు. అధికారి అతన్ని చూశాడు. దానికి ఇంగ్లీషు చెప్పే అవసరం రాలేదు.

కోటయ్య ముఖంలో నెత్తురు లేదు. "తెలుసు! అర్థం తెలుసు!" అని అరిచాడు. "అబద్ధమాడినా. కానీ ఆ పొద్దు పాడలా! పాడుంటే నేను పంపతానా? నేనేం మనిషిని గానా? ఎవురూ పాడలా సార్!" ఎవరూ నమ్మలేదు. ఒక అబద్ధం కళ్ళముందే మోకాళ్ళ మీద కూలబడిన మనిషిని ఎవరు నమ్ముతారు? నేను ఆ మాటను ఇంగ్లీషులోకి దించాను. ఇప్పుడు చెబుతున్నాను, బలహీనంగా దించాను. 'హి డినైస్' అని రెండే మాటలు.

కాగితంలో తాగుడు మాట రాలేదు. హెచ్చరిక విని కూడా మనుషుల్ని పంపాడని కోటయ్యను తీసేశారు. చుట్టుపక్కల ఏ గనీ అతన్ని చేర్చుకోలేదు. తడ వైపు పోయి సరుగుడు కట్టెలు కొట్టుకుంటున్నాడని ఒకరు, దగ్గి దగ్గి చచ్చిపోయాడని ఇంకొకరు చెప్పారు. అతని పెండ్లాం మా షెడ్డు ముందు నుంచి పోతూ ఉమ్మి పోయేది. నాకు జాలి కలగలేదు. పాట ఒక మనిషికి న్యాయం చేసింది, అంతే చాలు అనుకున్నాను.

వింత ఏమిటంటే, ఆ తర్వాత దానమ్మ గారు నాకు ఒక్క పాటకు కూడా అర్థం చెప్పలేదు. షెడ్డులో కొత్త పాట వినిపించి నేను ఉత్సాహంగా పరుగెత్తుకొని పోతే, "పనుండాది పో" అనేది. ప్రార్థనలో వాక్యం చెప్పడం కూడా మానుకున్నది. చదివి, పుస్తకం మూసి, "ఇంటికి పోండి" అనేది. గనులు ఒక్కొక్కటే మూతపడుతూ, మా గని కూడా సన్నబడిన రోజుల్లో ఆమె ఊరికి పోతుంటే గూడూరు స్టేషన్లో సామాను ఎక్కించాను. పాటలన్నీ చెబితే రాసుకుంటానన్నాను. రైలు కదలబోతుండగా అంది, "పాటకు అర్థం చెప్తే, జనం దాన్ని తీసకపొయ్యి ఎవురో ఒకరి మెడకు కడతారు అబ్బయ్యా. నేను చెప్పను." అదే ఆమెను చూడటం. కొన్నేళ్ళకు పోయిందని తెలిసింది, ఉప్పు మళ్ళ పక్కనే పూడ్చారట.

ఆమె ఇచ్చింది మాత్రం నన్ను వదల్లేదు. సినిమా పాట వచ్చినా, ఓట్ల పాట వచ్చినా, ఎదురింటి పిల్ల బిడ్డను జోకొట్టే పాట వచ్చినా, నవ్వు వచ్చే చోట నా వేలు ఆగుతుంది, నొక్కుతుంది. అక్కడ ఎవరో బిగబట్టిన ఊపిరి తగులుతుంది. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ "ఇంట్లో పాట పెట్టుకోనీరు గదా" అని విసుక్కునేది. కోడిని కోడిగా వదిలెయ్యడం కూడా దానమ్మ గారి దగ్గరే నేర్చుకున్నాను గానీ, అది అంతగా అబ్బలేదు.

ఇంతవరకు రాసి, గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక చిన్న కొడుకు ఇంట్లో ఉంటున్న చెంగమ్మ దగ్గరికి పోయి చదివి వినిపించాను. ఆమె మనిషి కదా అందులో ఉన్నది. చెవులు బాగానే పని చేస్తున్నాయి. కోడి దగ్గర నవ్వింది. గోనెపట్టా దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, అది వదిలి ముందుకు పొమ్మంది. కోటయ్య మోకాళ్ళు వంగిన చోట ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. చివరి దాకా విని, నోట్లో ఆకు పక్కకు పెట్టుకొని అంది.

"అంతా బాగానే రాసినావు సామీ. కోటయ్య చెప్పిందే నిజం."

నాకు అర్థం కాలేదన్నాను.

"రెండు బెజ్జాలు ఒకే దెబ్బకు పేలినట్టు ఇనపడింది. కోటయ్యకు అట్టానే ఇనపడింది, మా ఆయనకు అట్టానే ఇనపడింది. అందరూ పొయ్యిరనే పాడినాడంట, ఆకులెత్తమనే పాడినాడంట. గట్టు మీదోళ్ళు చెప్పినారు. కోటయ్య తాగుబోతన్నాడు గాబట్టి మేము పాడినామన్నాం. నర్సమ్మే నేర్పింది గుడిసె గుడిసెకూ పొయ్యి. ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అందురికీ తెలుసు. నీకొక్కడికే తెలవదు, నీ నోట్లో నువ్వు గింజ నానదని."

"మరి కోటయ్య..."

"ఏం కోటయ్య? పాడుంటే మా ఆయన దిగతాడా? ఆ మాత్రం అడగలా నువ్వు, ఇన్నేళ్ళుగా ఊరూరా చెప్పుకుంటా తిరిగినావు. ఆ పొద్దు అల్లుడు అలిగినాడని ఎవురూ పాడలా."